ఇంకా రానివాళ్ళ పిడికెడు

రేపల్లె,
21-1-1978, శనివారం.

అక్కయ్యకు తమ్ముడు సుందరయ్య వందనాలు.

పొద్దున మంచు. పది గంటల దాకా చర్చి మీది శిలువ కనపడలేదు. చాపలు ఎండలో వేసి దులిపాను. పిడికెడు బియ్యం కుండ కడిగి బోర్లించాను. దీపాల బుడ్లు తుడిచాను.

ఇది చదివి నవ్వుతావని తెలుసు. "నీది ఉత్తరంలా ఉండదురా, రోజూ రాసుకునే పనుల పుస్తకంలో కాగితం చింపి పంపినట్టుంటుంది" అని పోయినసారి రాశావు. నాకు వచ్చింది అదే. పాటల పుస్తకం చూసి అక్షరాలు నేర్చుకున్నవాణ్ణి. పద్దెనిమిదేళ్ళు ఈ చర్చి ఊడ్చి, గంట కొట్టినవాడికి చీపురు మాటలే వస్తాయి.

ఉప్పెన వచ్చి రెండు నెలలు దాటింది. ఇక్కడ తలదాచుకున్నవాళ్ళంతా వెళ్ళిపోయారు. వాళ్ళు ఆనుకుని కూర్చున్నచోట గోడకి బురద మరకలున్నాయి. సున్నం కొట్టమని సంఘ పెద్ద బ్రహ్మానందంగారు రెండుసార్లు చెప్పారు. ఎందుకో ఇంకా కొట్టలేదు.

ఒక సంగతి రాయాలని కూర్చున్నాను. మూడు ఆదివారాల నుంచి ఒక మనిషి వస్తోంది. ముప్పై ఏళ్ళుంటాయేమో. చేతికి గాజులు లేవు, నుదుట బొట్టు లేదు. ఆడవాళ్ళ వైపు ఆఖరి చాప మీద, తలుపు పక్కన కూర్చుంటుంది. పాట పాడదు, మోకరించదు. కిటికీ అద్దంలోంచి నీలం వెలుతురు నేల మీద పడి జరుగుతుంటే దాన్నే చూస్తూ ఉంటుంది. చేపల వాసన వస్తోందని మనవాళ్ళు ఆ చాప మీద కూర్చోవడం మానేశారు. పున్నమ్మ ఊరుకోదుగా, "ఏ ఊరు అమ్మాయ్ నీది?" అని అడిగింది. "అవతలి ఒడ్డండి" అంది. అంతే.

ఇంకొకటి. ఇది నీకు తప్ప ఎవరికీ చెప్పలేదు. మన ఆడవాళ్ళు వారమంతా ఎసరు పెట్టినప్పుడల్లా దేవుడి పేరున తీసిపెట్టిన బియ్యం తెచ్చి కుండలో పోస్తుంటే, ఆమె ఒక్కొక్కరి చెయ్యీ చూస్తుంది. ఆశీర్వాదం చెప్పకముందే లేచి, పోతూ పోతూ కుండలో చెయ్యి పెట్టి ఒక పిడికెడు తీసుకుంటుంది. ఒక్కటే. కొంగున ముడేసుకుని, కోడిపిల్లను పట్టుకున్నట్టు పొట్టకు పట్టుకుని పోతుంది. నేను గంట తాడు దగ్గర నిలబడి చూస్తాను. ఏమీ అనను.

ఏం చెయ్యమంటావు?

సుందరయ్య

*

తెనాలి,
25-1-1978.

తమ్ముడు సుందరయ్యకు అక్క కోటిరత్నం దీవెనలు.

నీ ఉత్తరం అందింది. పని మీద నందివెలుగు వెళ్ళి నిన్ననే వచ్చాను. మోకాళ్ళు మాట వినడం లేదు.

ఏం చెయ్యమంటావని అడిగావు, ముప్పై ఏళ్ళు బైబిలమ్మగా ఇల్లిల్లూ తిరిగిన అక్కని. వెంటనే మీ పాస్టరు అయ్యగారికి చెప్పు. చూసి దాచడం కూడా అబద్ధమే. ఆకలైనవాళ్ళకి పెట్టడం వేరు, దేవుడి కుండలో ఎవరు పడితే వాళ్ళు చెయ్యి పెడుతుంటే చూస్తూ ఉండటం వేరు. ఆకలితో ఉంటే నీ బియ్యంలోంచి నువ్వు పెట్టు. గుమ్మం దగ్గర ఆపి, మర్యాదగా చేతికివ్వు. వీలైతే పేరు కనుక్కో. నేర్చుకోవాలని ఉంటే నా దగ్గరికి పంపు.

ఇంతే. మెత్తగా ఉంటే మంచితనం అనుకుంటావు నువ్వు. చిన్నప్పటి నుంచీ అంతే.

ఫిబ్రవరి నుంచి నన్ను బాపట్ల వేస్తున్నారు. ఆ ఊరు తప్ప ఏ ఊరైనా సరేనన్నాను. వినలేదు.

ఆఖరి చాప అని రాశావు చూడు. ఆ వాక్యం మళ్ళీ మళ్ళీ చదివాను.

కోటిరత్నం

*

రేపల్లె,
18-2-1978, శనివారం.

అక్కయ్యకు వందనాలు.

ఎండ ముదురుతోంది. తూర్పు గాలి. బావి చేదకి కొత్త తాడు వేశాను. కుండ కడిగి బోర్లించాను.

నువ్వు చెప్పినట్టే చేశాను, సగం. అయ్యగారికి చెప్పలేదు. నా బియ్యం రెండు మానికలు సంచిలో పోసి, పోయిన నెలాఖరు ఆదివారం గుమ్మం దగ్గర ఆమెకిచ్చాను.

"ఏంటండి ఇది?" అంది.

"బియ్యం అమ్మా. ఇంటికి తీసుకెళ్ళి వండుకో."

"ఏ ఇంటికండి?"

ఆమె సంచి మూతి విప్పి చూసింది. వాసన కూడా చూసింది.

"ఇది ఆ కుండలోది కాదుగా బాబాయ్?"

"కాదు. నాది."

"నాకు తిండి ఉందండి. రేవులో చేపలు తోమితే పెడతారు. అడుక్కోడానికి రాలేదు నేను."

సంచి మెట్టు మీద పెట్టి వెళ్ళిపోయింది. ఆ రోజు పిడికెడు కూడా తీసుకోలేదు. రెండు ఆదివారాలు అయింది, మళ్ళీ రాలేదు. ఆఖరి చాప పరుస్తున్నాను, చుడుతున్నాను.

పరిచేటప్పుడల్లా నాకు ఏరు గుర్తొస్తుంది. ఆమె వచ్చేది ఏటి నుంచి, పోయేది ఏటికే. ఉప్పెన తర్వాత అట్లా ఒడ్డున తిరిగి తిరిగి నీళ్ళలోకి నడిచిపోయినవాళ్ళు ఉన్నారని ఇక్కడ చెప్పుకుంటున్నారు. ఆమెని ఈ గుమ్మం దాకా తెచ్చేది ఆ పిడికెడు ఒక్కటేనేమో, దాన్ని నేను మర్యాదగా తెంపేశానేమో.

మొన్న ఒక కల వచ్చింది. చర్చిలోకి నీళ్ళొచ్చాయి. మోకాలి లోతు, అద్దంలా ఉన్నాయి. చాపలన్నీ తేలుతున్నాయి. ఆమె ఆఖరి చాప మీద కూర్చుని ఉంది, చాప మెల్లగా తలుపు వైపు పోతోంది. నా చేతిలో తాడు ఉంది. విసరాలని తెలుసు. అది గంట తాడు, విసిరితే గంట మోగుతుంది, అందరూ తిరిగి చూస్తారు, అందుకని విసరలేదు.

సుందరయ్య

*

బాపట్ల,
5-3-1978.

సుందరయ్యకు దీవెనలు.

వచ్చి మూడు వారాలైంది. ఇల్లు బాగానే ఉంది. సాయంత్రమైతే సముద్రపు గాలి, బట్టలు ఆరవు.

ఇక్కడి చర్చికి మూడు మెట్లుండేవి. ఇప్పుడు సిమెంటు చేసి నాలుగు చేశారు. నాలుగో దాని మీద కాలు పెట్టడానికి ఇంకా అలవాటు పడలేదు.

ఆ మనిషి మళ్ళీ వచ్చిందా? వస్తే నేను చెప్పినట్టు చెయ్యకు. ఏమీ ఇవ్వకు. ఊరు పేరు అడగకు. అడగనివ్వకు. ఎందుకని అడక్కు.

వచ్చిందో లేదో రాయి. కార్డు ముక్కయినా చాలు.

కోటిరత్నం

*

రేపల్లె,
25-3-1978, శనివారం.

అక్కయ్యకు వందనాలు.

మబ్బు. గాలి లేదు. రేపు పునరుత్థాన పండుగ. ఈత మట్టలు కట్టాను. కుండకు మూత బిగించాను.

కొత్త మూత. రాత్రికి రాత్రే వడ్రంగి చేత చేయించారు. మధ్యలో చెయ్యి పట్టనంత కన్నం, పక్కన కొక్కెం, దానికి తాళం. తాళంచెవి బ్రహ్మానందంగారి దగ్గర ఉంది.

ఎందుకో రాస్తాను. ఆమె వచ్చింది. నిన్న, శుభశుక్రవారం. మూడు గంటల ఆరాధన, జనం మెట్ల దాకా ఉన్నారు. నేను చూడగానే నీకు కార్డు రాయాలనుకున్నాను, అంత సంతోషమైంది. శిలువ మీది ఏడు మాటల్లో ఆరో మాట మీద ప్రసంగం అవుతుండగా లేచింది. కుండ దగ్గర ఆగింది. చెయ్యి పెట్టింది.

బ్రహ్మానందంగారు ఉక్కకు తలుపు దగ్గరికి వచ్చి నిలబడ్డారని ఆమెకు తెలియదు. మణికట్టు పట్టుకున్నారు.

"ఏంటమ్మా ఇది? శుభశుక్రవారం పూట, దేవుడి కుండలో?"

ఆమె గుప్పిట బిగించింది.

"నీకు బాప్తిస్మం ఉందా? ఏ సంఘం నీది?"

పున్నమ్మ అప్పటికే లేచింది. "సంఘమా పాడా అండి! చేపల గంప అనుకుందేమో. అందుకేనా తల్లీ నువ్వు పాట రాకపోయినా వారం వారం దిగబడేది?" ఇద్దరు ముగ్గురు నవ్వారు. ప్రసంగం ఆగిపోయింది. అయ్యగారు పుస్తకం మీద నుంచి తల ఎత్తి చూస్తున్నారు.

ఆమె గుప్పిట విప్పి బియ్యం కుండలో పోసింది. నాలుగు గింజలు అరచేతి చెమటకి అంటుకుంటే వాటిని కూడా వేలితో తీసి వేసింది. తర్వాత నా వైపు చూసింది. నేను ఇన్ని వారాలుగా చూస్తున్నానని ఆమెకు తెలుసు. నేనొక మాట చెబుతాననుకుంది.

తాడు పట్టుకుని నిలబడ్డాను.

అక్కయ్యా, పద్దెనిమిదేళ్ళలో ఏ రోజు ఏం చేశానో నా పుస్తకంలో ఉంది. నిన్నటి పేజీలో "మూడు గంటల ఆరాధన, గంట వేళకి కొట్టాను" అని రాసి ఉంది. అంతకంటే రాయలేకపోయాను.

సుందరయ్య

*

బాపట్ల,
2-4-1978.

నాయనా సుందరయ్యా,

నీ ఉత్తరం చదివి రెండు రోజులు పక్కన పెట్టాను. నేను నీకు ఒక అబద్ధం చెప్పి నలభై ఎనిమిదేళ్ళయింది. ఇప్పుడు దాన్ని తీసేస్తాను.

అమ్మ కలరా వచ్చి పోలేదు.

మనం వరి కోతలకి మెట్ట ఊళ్ళ నుంచి వలస వచ్చాం. నాన్న దారిలోనే పోయాడు. కోతలయ్యాక అమ్మ మనిద్దర్నీ తీసుకుని బాపట్లలో ఈ చర్చికి వచ్చింది. నీకు నాలుగేళ్ళు, నాకు పదకొండు. ఆఖరి చాప మీద కూర్చున్నాం. మూడు ఆదివారాలు. అమ్మకి నిలకడ ఉండేది కాదు, తనలో తను గొణుక్కునేది, ఉన్నట్టుండి ఏడ్చేది. పక్కన ఎవరూ కూర్చోలేదు. మూడో ఆదివారం ఒక పెద్దాయన వచ్చి, "ఏ సంఘం మీది? అక్కడి అయ్యగారి దగ్గర్నుంచి ఉత్తరం తెచ్చావా?" అని అడిగాడు. చెడ్డగా అడగలేదురా. పద్ధతి ప్రకారం అడిగాడు. అమ్మ దగ్గర ఏ ఉత్తరం లేదు.

నాలుగో ఆదివారం మనల్ని మెట్ల మీద కూర్చోబెట్టి, "ఇక్కడే ఉండండి, నీళ్ళు తాగొస్తా" అంది. మూడో మెట్టు మీద. నీ తల నా ఒళ్ళో ఉంది. ఎండ రెండో మెట్టుకి, మొదటి మెట్టుకి దిగి, నేల మీదికి పోయింది. అమ్మ రాలేదు.

మర్నాడు నువ్వు ఆకలని ఏడుస్తుంటే నేను కుండలో చెయ్యి పెట్టాను. పచ్చి బియ్యం నమిలి నీ నోట్లో పెట్టాను. అయ్యగారి భార్య చూసింది. ఒక్క మాట అనలేదు. ఆ రోజు నుంచి ఆవిడ కుండ మీద మూత పెట్టడం మానేసింది. వారం తర్వాత తనే వచ్చి, ఏమీ అడక్కుండా, నా పక్కన మెట్టు మీద కూర్చుంది. అట్లా మనం ఈ సంఘం పిల్లలమయ్యాం. నువ్వు ఈ చర్చిలో తిన్న మొదటి ముద్ద దొంగబియ్యమే.

నిన్ను నిలబెట్టిన పనే ఆమె చేస్తుంటే తప్పని నీకు ఉత్తరం రాశాను. బ్రహ్మానందంగారికంటే నేనేం తక్కువ చేశాను?

ఆమె ఎక్కడుందో చూడు. ఇంకేమీ వద్దు, ఉందో లేదో చూడు.

అక్క

*

రేపల్లె,
22-4-1978, శనివారం.

అక్కయ్యకు,

మండే ఎండ. పొద్దున్నే పనులు ముగించి సైకిలు మీద పెనుమూడి రేవుకి వెళ్ళాను. అమ్మ సంగతికి ఏం రాయాలో తెలియడం లేదు. పనుల పుస్తకంలో నాలుగు పేజీలు ఖాళీగా వదిలాను.

రేవులో పడవ నడిపే పేరయ్య నాకు తెలుసు. నన్ను చూసి, "ఏంటి మావయ్యా, చర్చి వదిలి ఏటికొచ్చావు? అవతలి ఒడ్డున కూడా గంట కొట్టాలా?" అన్నాడు. ఆమె గురించి అడిగితే నవ్వు ఆపేశాడు. గడ్డం ఎత్తి చూపించాడు.

ఏరు తెల్లగా ఉంది. ఎండకి అవతలి ఒడ్డు నీళ్ళ మీద తేలుతున్నట్టుంది. ఆమె రేవు మెట్ల మీద కూర్చుని ఉంది. ఉంది, అక్కయ్యా. ఆ ఒక్క మాట నీకు తంతి ఇద్దామనుకున్నాను.

నేను రెండు మెట్లు పైన కూర్చున్నాను. చాలాసేపు ఇద్దరం మాట్లాడలేదు. నాకు బాగా వచ్చిన పని అదొక్కటేగా. చివరికి తనే అంది.

"తిట్టడానికి వచ్చారా బాబాయ్?"

"లేదమ్మా. ఆ రోజు మాట్లాడలేదు నేను. అది చెప్పడానికి వచ్చాను."

"ఇప్పుడు మాట్లాడారుగా" అంది.

పేరు గంగరత్నం. ఉప్పెన రోజు పోయిన మొగుడు మూడో నాడు దొరికాడు. కుమారి అని ఏడేళ్ళ పిల్ల. దొరకలేదు.

"దొరకనివాళ్ళు పోయినవాళ్ళు కాదుగా బాబాయ్. ఇంకా రాలేదు, అంతే. అంత జనంలో మీరు గుర్తుపెట్టుకోలేదు గానీ, ఉప్పెన తర్వాత మీ చర్చిలో పది రోజులున్నాను. అప్పుడు చూశా. ఆడాళ్ళంతా గుప్పిట్లో బియ్యం తెచ్చి ఆ కుండలో పోస్తున్నారు. ఎవరూ తినరు, తీసిపెడతారంతే. మా ఇళ్ళల్లోనూ అంతేనండి. సముద్రం మీదికెళ్ళిన మనిషి వేళకి రాకపోతే, మేం తినేముందు ఆ మనిషి ముద్ద తీసి ఉట్టి మీద పెడతాం. మీవాళ్ళు కూడా రానివాళ్ళకి తీసిపెడుతున్నారనుకున్నా. ఇంత ఊళ్ళో ఇంతమంది పిల్లలు రాలేదా పాపం అనుకున్నా."

"మరి పొయ్యాలిగా అమ్మా, తియ్యడం ఏంటి?"

"పొయ్యి ఉంటే పోద్దును. నాకు పొయ్యేదీ, కుండేదీ? ఇంతమంది తల్లులు పోశారు, అందులో ఒక పిడికెడు మా పిల్లకీ ఉంటదిగదా అని."

ఆ బియ్యం ఏం చేస్తావని అడిగాను. రేవు మెట్టు మీద పెడుతుందట, పిల్ల ఈ రేవులోనే దిగాలి గనక. పిచ్చుకలు తింటే ఊరుకుంటుంది. కాకి వస్తే రాయి పెట్టి తోలుతుంది. "కాకి ముట్టిందంటే పోయినట్టేగదా బాబాయ్" అంది.

ఆ బియ్యం దేవుడి పనికి ఇచ్చేదమ్మా, నువ్వనుకున్నది కాదు అని చెప్పాలి. చెప్పడానికే నోరు తెరిచాను. ఆమె ముఖం చూసి చెప్పలేకపోయాను. "ఆదివారం రా అమ్మా" అని మాత్రం అన్నాను.

"తాళం వేశారంటగా" అంది.

నేను చెప్పకపోవడం మళ్ళీ తప్పేనా?

సుందరయ్య

*

బాపట్ల,
30-4-1978.

నాయనా,

చెప్పకపోవడం ఈసారి తప్పు కాదు. ఎందుకో చెబుతాను, ఇది అయ్యగారికి కూడా తెలియదు.

నలభై ఎనిమిదేళ్ళుగా రోజూ ఎసరు పెట్టి పిడికెడు తీస్తున్నాను. పైకి ప్రార్థన చేసే తీస్తాను. కానీ గింజలు చేతిలోంచి జారుతున్నప్పుడు నేను అనుకునేది దేవుణ్ణి కాదు. ఇంత పొద్దెక్కింది, నీళ్ళు తాగొస్తానని వెళ్ళిన మనిషి ఏం తిన్నదో అనుకుంటాను. ఇన్నేళ్ళలో ఒక్క పిడికెడు కూడా వేరే తలపుతో తియ్యలేదు. మరి దేవుడు తీసుకోవడం మానలేదు.

గంగరత్నం తప్పుగా అర్థం చేసుకోలేదురా. మనమే ఎవరికీ చెప్పలేదు.

నాకు తెలిసి మీ చర్చిలో ఒక్క ఆడమనిషైనా అట్లా పోసేది ఉంటుంది. ఎవరి సంగతి వాళ్ళు చెప్పుకునే సాక్ష్యాల వేళ నువ్వు లేచి నిలబడు. నీకు మాటలు రావని నాకు తెలుసు. పనుల పుస్తకంలో రాసినట్టే చెప్పు.

అక్క

*

రేపల్లె,
13-5-1978, శనివారం.

అక్కయ్యకు,

నిన్న వాన పడి వెలిసింది. మట్టి వాసన. కుండలు రెండూ కడిగి బోర్లించాను.

రెండు అని రాశాను చూశావా. చెబుతాను.

పోయిన ఆదివారం సాక్ష్యాలు ఎవరైనా చెబుతారా అని అయ్యగారు అడిగితే లేచాను. "సుందరయ్యా, గంట వేళ కాలేదయ్యా" అని ఎవరో నవ్వారు. నవ్వనిచ్చాను. తర్వాత చెప్పాను. నాలుగేళ్ళప్పుడు బాపట్లలో దేవుడి కుండలోంచి తీసిన బియ్యం తిని బతికానని. శుభశుక్రవారం నాడు ఇక్కడ ఒకామె చెయ్యి పట్టుకున్నప్పుడు తాడు పట్టుకుని నిలబడ్డానని. ఆమె ఆ పిడికెడు ఎవరికని తీసుకెళ్ళిందో చెప్పాను. కాకిని తోలడం కూడా చెప్పాను. ఒక మట్టి ముంత తెచ్చి పెద్ద కుండ పక్కన పెట్టాను. నేను వండుకునేటప్పుడు తీసిన పిడికెడు అందులో పోశాను. "ఇది మా అమ్మకి. ఇంకా రాలేదు" అన్నాను. కూర్చున్నాను.

ఫ్యాను చప్పుడు. కిటికీ నీలం వెలుతురు ఆఖరి చాప మీద పడి ఉంది.

బ్రహ్మానందంగారు లేచారు. "పద్ధతి అంటూ ఒకటి ఉంటుంది సుందరయ్యా. రేపు ఎవరు పడితే వాళ్ళు..." అంటుండగా ఆడవాళ్ళ వైపు నుంచి సుబ్బరత్నమ్మగారు లేచింది. ఆయన భార్య. ఈ చర్చిలో ఆవిడ గొంతు పాటలో తప్ప విన్నవాళ్ళు లేరు. ముందుకొచ్చి కొంగు ముడి విప్పింది. వాళ్ళ పెద్దబ్బాయి తండ్రితో గొడవపడి ఇల్లు వదిలి తొమ్మిదేళ్ళయిందని ఊళ్ళో అందరికీ తెలుసు. ఆ ఇంట్లో వాడి పేరు ఎత్తకూడదనీ తెలుసు. ఆవిడ పెద్ద కుండ దాటి ముంత దగ్గర వంగింది. గింజలు మట్టి మీద పడే చప్పుడు అంత స్పష్టంగా ఎప్పుడూ వినలేదు నేను.

"వాడికండి" అంది భర్తతో. అంతే.

ఆయన నిలబడి కిందికి చూస్తూ ఉన్నారు. తర్వాత జేబులోంచి తాళంచెవి తీసి, నా చేతికి కాదు, మూత మీద పెట్టి బయటికి వెళ్ళారు.

పున్నమ్మ వెక్కి వెక్కి ఏడ్చింది. ముంతలో పోసి, "నాకు రానివాళ్ళెవరూ లేరు సుందరయ్యా, ఇది ఆ చేపలమ్మాయికే" అంది. "ఇంత నోరు దేవుడు నాకెందుకిచ్చాడో" అని కూడా అంది. ఆ సంగతి నేనేం చెప్పను.

సాయంత్రం సైకిలేసుకుని పెనుమూడి వెళ్ళాను. గంగరత్నం లేదు. మెట్టు సందులో, బియ్యంలో కలిసొచ్చిన వడ్లగింజలు రెండు మొలకెత్తి ఉన్నాయి. పేరయ్యని అడిగితే, వారం కిందట పడవెక్కి అవతలికి పోయిందన్నాడు. "దిగేటప్పుడు వెనక్కి కూడా చూడలేదు మావయ్యా. నీళ్ళ వైపు పోలేదులే, గట్టు వైపే పోయింది. అక్కడిదాకా చూశాను" అన్నాడు.

ఆలస్యం చేశాను. శుభశుక్రవారం నుంచి ఆరు వారాలు.

సుందరయ్య

*

బాపట్ల,
20-8-1978.

నాయనా,

ముంతలో బియ్యం ఏం చేస్తున్నావని అడిగాను, రాయలేదు. నువ్వు దాచినా తెలిసింది. పున్నమ్మ రాసింది. ప్రతి శనివారం సైకిలు మీద తీసుకెళ్ళి రేవు మెట్టు మీద పిడికెడు పెట్టి, మిగిలింది పేరయ్య పొయ్యి మీద వండించి రేవులో దిగినవాళ్ళకి పెట్టిస్తున్నావట. కాకుల్ని కూడా తోలుతున్నావట, యాభై రెండేళ్ళవాడివి. వానల్లో జాగ్రత్త.

గట్టు వైపు పోయిందని పేరయ్య చెప్పాడుగా. నమ్ము. నేను అమ్మ ఏ వైపు పోయిందో చూడలేదు. అదే నాకు ఇన్నేళ్ళ దిగులు.

నేను కూడా ఇక్కడ లేచి నిలబడి చెప్పాను. ముంత పెట్టాం. ఆదివారం నాడు ఆఖరి చాప మీద కూర్చుంటున్నాను. ముందుకు రమ్మంటారు. మోకాళ్ళ నొప్పి, తలుపు దగ్గరైతే తేలిక అని చెబుతాను. పక్కన ఎప్పుడూ ఒకరికి చోటు ఉంచుతాను.

అక్క

*

రేపల్లె,
18-11-1978, శనివారం.

అక్కయ్యకు వందనాలు.

పొద్దున మంచు. శిలువ కనపడటం లేదు. బావి కూడా కనపడటం లేదు.

రేపటికి ఉప్పెన వచ్చి ఏడాది. ఆదివారం పడింది. పోయినవాళ్ళ పేర్లు చదవాలని అయ్యగారు అంటే, దొరకనివాళ్ళ పేర్లు ఆ కాగితంలో రాయొద్దని సుబ్బరత్నమ్మగారు చెప్పింది. వేరే కాగితం పెట్టారు. దాని మీద మొదటి పేరు కుమారి. బ్రహ్మానందంగారి చేతిరాత. గోడకి సున్నం సంగతి ఆయన మళ్ళీ ఎత్తలేదు. ఆ బురద మరకలు అట్లాగే ఉన్నాయి.

నువ్వు గుడ్డలో కట్టి పంపిన పిడికెడు అందింది. రేపు నేనే పోస్తాను.

చాపలు దులిపాను. దీపాలు తుడిచాను. పెద్ద కుండ కడిగి బోర్లించాను. ఇక ముంత ఒక్కటే ఉంది. అది కడిగాక ఈ ఉత్తరం టపాలో వేసి రేవుకి వెళ్ళాలి.

ముంత పెట్టినచోట లేదు.

బావి దగ్గర చేద చప్పుడవుతోంది. పున్నమ్మ అనుకున్నాను. పున్నమ్మ వస్తే మనిషికంటే ముందు మాట వస్తుంది. ఇక్కడ మాట లేదు. నీళ్ళు పోసే చప్పుడు, కొబ్బరిపీచుతో తోమే చప్పుడు. మంచు కాస్త పలచబడింది, బావి పక్కన ఎవరో గొంతుక్కూర్చుని ఉన్నారు. కొంగున ఏదో ముడి ఉంది, బరువుగా వేలాడుతోంది. గుప్పెడు ఉంటుంది. పేరయ్య చెప్పింది గట్టు వైపని. ఆ గట్టు మీద ఎక్కడో ఒక పొయ్యి వెలిగిందేమో, ఎసరు పెట్టే కుండ ఒకటి దొరికిందేమో. వాసన ఇక్కడిదాకా వస్తోంది, ఏటి వాసన. కలం పెట్టి వెళ్ళాలి. పిలవాలా, పక్కన ఊరికే కూర్చోవాలా అని ఆలోచిస్తున్నాను. అక్కయ్యా, ముంత